బాల్కనీ నిండా చెరువు, బకెట్లో ట్యాంకర్ నీళ్లు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘వాసన’ అనే మాట నిషిద్ధం. జనరల్ బాడీలో తీర్మానం కూడా చేశాం. ఎవరైనా వేలు జారి ఆ మాట టైప్ చేస్తే అడ్మిన్ గారు తక్షణం తొలగిస్తారు. ‘ఇవాళ గాలి కొంచెం బరువుగా ఉంది’ అనవచ్చు. ‘కిటికీలు వేసుకోగలరు’ అనవచ్చు. బ్లాకుకు నాలుగైదు ఫ్లాట్లు రీసేల్‌కు పెట్టి ఉన్నాయి మరి. ఎవరు స్క్రీన్‌షాట్ తీసి ఏ బ్రోకర్‌కి పంపుతారో తెలియదు. అందుకే మా చెరువు పేరు ఇక్కడ నేనూ రాయడం లేదు. మియాపూర్ దాటాక, బీరంగూడ కమాన్ లోపు ఎక్కడో ఉందనుకోండి. ఆ చుట్టుపక్కల ఏ కట్ట మీద నిలబడి ముక్కు ఎగబీల్చినా నేను చెప్పేది అర్థమవుతుంది.

చెరువు ఒడ్డున ఫ్లాటు కొనాలన్న తెలివి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. అమెరికా నుంచి వచ్చింది. మా పెద్ద బావ జెర్సీ సిటీలో ఉండేవాడు. హడ్సన్ నదికి అవతల మన్‌హటన్, ఇవతల ఆయన. ఒకసారి ఫోన్లో అన్నాడు: ‘‘ఒరేయ్, మన్‌హటన్‌లో అద్దె కట్టలేక నదికి ఇవతల ఉంటున్నాం. కానీ మన్‌హటన్ అందం చూసేది మేమే. అక్కడ లక్షలు పోసి ఉన్నవాడికి కిటికీలోంచి కనిపించేది మా జెర్సీయే!’’ అంతకన్నా గొప్ప ఆర్థిక సూత్రం నేను వినలేదు. ఖరీదైన ఊరికి పక్కన, నీళ్ల ఒడ్డున, చవగ్గా బతకడం. 2012 అక్టోబరులో శాండీ తుపానుకి అదే హడ్సన్ లేచి జెర్సీ సిటీ వీధుల్లోకి వచ్చిన సంగతి బావ ఆ ఫోన్లో ఎత్తలేదు. ఫ్లాటు కొన్నవాళ్లెవరూ ఎత్తరు. ఇప్పుడు నాకు తెలుసు.

మన దగ్గర మన్‌హటన్ ఎక్కడంటే, మాదాపూర్. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఇక్కడ రేటు చెరువులో రాయి వేస్తే లేచే అలలా బయటికి బయటికి పోతూనే ఉంది. మాదాపూర్ అందక కొండాపూర్, కొండాపూర్ అందక మియాపూర్, మియాపూర్ అందక చందానగర్, అదీ అందక అమీన్‌పూర్. అల వెళ్లి వెళ్లి ఒక చోట కాస్త ఆగుతుంది. ఆగిందంటే అక్కడ ఏదో కారణం ఉండాలి కదా, గుట్టో శ్మశానమో హైటెన్షన్ లైనో. మా దగ్గర ఆ కారణం పేరు చెరువు. చుట్టూ పల్లం; వానాకాలం నీళ్లు నిలుస్తాయి కాబట్టే అక్కడ అన్నేళ్లూ ఎవరూ కట్టలేదు, ఎవరూ కట్టలేదు కాబట్టే చవగ్గా దొరికింది. నీరు పల్లమెరుగు, రేటు బిల్డరెరుగు. చవకతనానికి అసలు కారణమైన ఆ ఒక్క దాన్నే తీసి, దానికి ‘లేక్ వ్యూ’ అని పేరు పెట్టి, చదరపు అడుగుకి రెండు వందలు అదనంగా వసూలు చేయడం మామూలు బుర్రకు తట్టే పనేనా? గోడకు చెమ్మ పడితే దాన్ని తైలవర్ణ చిత్రమని అమ్మడం లాంటి విద్య ఇది.

ఆదివారం సైట్ విజిట్‌కి వెళ్లాం. కారు పంపించారు, మజ్జిగ ఇచ్చారు. టై కట్టిన కుర్రాడు మమ్మల్ని మోడల్ ఫ్లాట్ బాల్కనీలో నిలబెట్టాడు. ఎదురుగా నీళ్లు, నీళ్ల మీద పచ్చటి తివాచీ. ‘‘లాన్ చాలా బాగా మెయింటెయిన్ చేస్తున్నారండీ’’ అంది మా ఆవిడ. అది గుర్రపుడెక్క అని ఆ కుర్రాడికి తెలుసు, నాకు తెలుసు, అయినా ఇద్దరం నోరు మెదపలేదు. అప్పటికే నాలో కొనుగోలుదారుడు చచ్చి యజమాని పుట్టినట్టున్నాడు.

‘‘హైటెక్ సిటీ పదిహేను నిమిషాలు సార్.’’

నిజమే. సంక్రాంతి నాడు, తెల్లవారుజామున, ఊరంతా ఆంధ్రాకి వెళ్లిపోయాక.

‘‘వాస్తు కూడా పర్ఫెక్ట్ సార్. మన ప్రాజెక్టుకి చెరువు కరెక్టుగా ఈశాన్యంలో పడింది.’’

ఆ మాటకు మా మామగారు ఫ్లాట్ అయిపోయారు. ఈశాన్యంలో నీళ్లు, నైరుతిలో బరువు ఉండాలట. నాకు మాత్రం చెరువు వైపు నుంచి లెక్క వేయబుద్ధయింది. దానికి నైరుతిలో అయిదు బ్లాకులు, బ్లాకుకు పద్నాలుగు అంతస్తులు, రెండు సెల్లార్ల మట్టి సహా పడ్డాయి. మాకు వాస్తు కుదరడం సంగతి అటుంచండి, చెరువుకు వాస్తు చేసిపెట్టింది మేమే.

‘అఫర్డబుల్’ అన్న మాట గురించి కూడా చెప్పాలి. బ్రోచర్‌లో ఆ మాట పేజీకి మూడు చోట్ల ఉంది. దానికి ఢిల్లీలో ఒక అర్థం ఉందని రిజిస్ట్రేషన్ దాకా నాకు తెలియలేదు. 2019 ఏప్రిల్ నుంచి ఉన్న జీఎస్టీ నియమం ప్రకారం హైదరాబాద్ లాంటి మహానగరంలో అఫర్డబుల్ ఇల్లంటే కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు దాటకూడదు, ధర 45 లక్షలు దాటకూడదు. అలాంటి ఇంటికి పన్ను 1 శాతం, మిగతావాటికి 5 శాతం. మాకు 5 శాతం పడింది. ‘‘అఫర్డబుల్ అన్నారుగా?’’ అంటే, ‘‘అది ఫీలింగ్ సార్, కేటగిరీ కాదు’’ అన్నాడు కుర్రాడు. వాడు మంచి కవి అయ్యేవాడు.

కాగితం మారినప్పుడల్లా మా చెరువు వేషం మారుస్తుంది. బ్రోచర్‌లో లేక్. పాత రెవెన్యూ కాగితాల్లో శిఖం, అంటే చెరువు గర్భం. వాన పడితే నాలా. మే నెలలో కుర్రాళ్లకు క్రికెట్ మైదానం. అన్నిటికన్నా చిత్రమైన వేషం బఫర్ జోన్ కొలిచేటప్పుడు వేసేది. 2012 నాటి జీవో 168 ఏమంటుందంటే, 10 హెక్టార్లు, అంటే దాదాపు పాతికెకరాలు, ఆపైన ఉన్న చెరువైతే పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు చాలు. ఇంకేం, పాతికెకరాల చెరువు ఇరవై నాలుగు ఎకరాలకు చిక్కిందంటే ఒడ్డు పొడుగునా 21 మీటర్ల నేల పుట్టుకొస్తుంది. హైదరాబాద్‌లో బరువు తగ్గితే లాభపడేది జిమ్‌కి వెళ్లేవాళ్లు కాదు, చెరువు పక్క బిల్డర్లు. ఒక లారీ మట్టి, రాత్రి పన్నెండు దాటాక ఇంకో లారీ, దసరా సెలవుల్లో ఓ నలభై లారీలు. బ్రోచర్‌లో సముద్రమంత ఉన్న లేక్, టేపు పట్టేసరికి గుక్కెడు నీళ్ల కుంట.

చిన్నవాళ్లమని మమ్మల్ని మేము తక్కువ చేసుకోవాల్సిన పని కూడా లేదు. దుర్గం చెరువు చూడండి. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన చెరువది. 2020 సెప్టెంబరులో దాని మీద 184 కోట్ల కేబుల్ బ్రిడ్జి తెరిచారు. రాత్రి రంగురంగుల దీపాల కింద సెల్ఫీలు దిగేవాళ్లంతా నవ్వుతూనే ఊపిరి బిగబట్టి ఉంటారు. గాలి తిరిగితే అక్కడి కోట్ల ఫ్లాటుకీ ఇక్కడి లక్షల ఫ్లాటుకీ ముక్కు దగ్గర తేడా లేదు. సమసమాజం మన కార్పొరేషన్ మురుగు పైపుల్లో ముందే వచ్చేసింది.

ఇక నీళ్లు. చెరువు ఒడ్డున కాపురం కదా, నీళ్లకేం కొదవ అని ఊళ్లో మా అమ్మ అందరికీ చెప్పుకుంది. మార్చి వచ్చేసరికి బోరు ఊపిరి వదిలింది. అప్పటినుంచి రోజుకు పన్నెండు ట్యాంకర్లు. పొద్దున్నే బాల్కనీలో కాఫీ తాగుతూ చెరువు చూస్తాను. వెనక నుంచి ట్యాంకర్ రివర్స్ తీసే కీకీకీ వినిపిస్తుంది. బోర్డు వారి కుళాయి నీళ్లు వస్తే అవి కృష్ణా నుంచో, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరాన గోదావరి మీది ఎల్లంపల్లి నుంచో రావాలి. చెరువు మాత్రం చూడ్డానికే. చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేసినవాణ్ణి మన పెద్దలు వెక్కిరించారు. ఇక్కడ అలక్కుండానే మానేశాం. ఆ నీళ్లతో కడుక్కుంటే చర్మం డాక్టర్ దగ్గరికి పోవాలి.

మా సెక్యూరిటీ గార్డు ఆ ఊరివాడే. వాళ్ల తాత చెరువు నీరటి. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంత వదలాలో చూసేవాడట. ఒక సాయంత్రం అడిగాను, మత్తడి ఎక్కడుండేదని. ‘‘గీడనే సారూ, మీ జిమ్ము కాడ. రెండేండ్లకోపాలి దుంకుతుండె. చూడనీకి బతుకమ్మనాడు లెక్క జనం వస్తుండ్రి’’ అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. ఊరు, నీరు, సంస్కృతి అంటూ ఒక వ్యాసానికి పనికొచ్చే దుఃఖం పొంగుకొస్తుండగా ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు: ‘‘శిఖంల నాకు రెండొందల గజాలున్నది సారూ. నోటరీ మీద ఇస్త. మీ తమ్మునికి చూడు, లేక్ వ్యూ.’’

మత్తడి ఉన్నచోట జిమ్ము కట్టినంత మాత్రాన నీళ్లు దారి మరిచిపోవు. మన చెరువులు గొలుసుకట్టు. పైదాని మత్తడి కిందిదానికి వాగు. 2016 సెప్టెంబరులో పైన తుర్క చెరువు నిండితే నిజాంపేట భండారీ లేఅవుట్ సెల్లార్లు మునిగాయి. 2020 అక్టోబరులో ఫాక్స్ సాగర్ చెరువు పొంగి ఉమామహేశ్వర కాలనీని ముంచింది. మా వంతు మొన్న వచ్చింది. రాత్రికి రాత్రి లేక్ వ్యూ సెల్లార్‌లోకే దిగింది. వెనక బ్లాకు వాళ్లు, అంటే వ్యూ కోసం అదనపు చార్జీ కట్టని పిసినారులు కూడా ఉచితంగా చూసేశారు. ముందు బ్లాకు వాళ్లం దీన్ని అసోసియేషన్ దృష్టికి తెచ్చాం.

అయితే ఈ అయిదేళ్లలో నేను చూసిన అసలు అద్భుతం వాన కాదు. 2024 ఆగస్టు.

ఆ జులైలోనే ప్రభుత్వం చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా అనే సంస్థని పుట్టించింది. ఆగస్టు 24న, హైటెక్ సిటీ పక్కనే తమ్మిడికుంట చెరువు దగ్గర ఎన్-కన్వెన్షన్ హాలుని జేసీబీలు నేలమట్టం చేశాయి. శనివారం. టీవీలో అది చూస్తూనే మా గ్రూపులో ‘గుడ్ మార్నింగ్’ పువ్వులు ఆగిపోయాయి. మధ్యాహ్నానికి గేటు మీది పేరులో ‘లేక్’ అన్న మాటకు నల్ల పాలిథీన్ కప్పారు; సోమవారానికి అక్కడ ‘గ్రీన్స్’ వచ్చింది. గుర్రపుడెక్క పుణ్యమా అని అదీ అబద్ధం కాదు. అర్ధరాత్రి పన్నెండింటికి రిటైర్డ్ ఇంజనీర్ ఒకాయన టార్చిలైటుతో టేపు పట్టుకుని తిరగడం నా కళ్లతో చూశాను. చదరపు అడుగుకి రెండు వందలు కట్టి చెరువును కొనుక్కున్నవాళ్లం, ఆదివారం అత్యవసర సమావేశంలో ఏకగ్రీవంగా తేల్చిందేమంటే: ఇక్కడ చెరువు ఎప్పుడూ లేదు. వానకు నాలుగు నీళ్లు నిలుస్తాయి, అంతే. ఒకాయన లేచి, తాను బాల్కనీలోంచి ఏడేళ్లుగా చూస్తున్నాననీ, ఏనాడూ తనకు చెరువు కనపడలేదనీ ప్రమాణపూర్వకంగా చెప్పాడు. ఆ ఏడేళ్లలో పొద్దుపొడుపు ఫోటోలు తీసి ‘మై లేక్, మై లైఫ్’ అని స్టేటస్ పెట్టింది ఆయనే.

మా దస్తావేజులు, పర్మిషన్లు, ముద్రలు అన్నీ ఉన్నాయి. ముద్ర వేసినవాళ్లకు చెరువు కనిపించలేదు, లోను ఇచ్చిన బ్యాంకుకు కనిపించలేదు, ఆ రెంటినీ చూసి కొన్న మాకు కనిపించినందుకు డబ్బు తీసుకున్నారు. కనిపించనివాళ్లెవరూ ఒక్క రూపాయి నష్టపోలేదన్నది గమనించాలి. జనం ఉంటున్న ఇళ్ల జోలికి రామని సెప్టెంబరులో హైడ్రా కమిషనర్ రంగనాథ్ చెప్పాక మా గుండెలు కుదుటపడ్డాయి. దసరాకల్లా చెరువు మళ్లీ కనిపించడం మొదలైంది. పాలిథీన్ తీసేశారు. కొత్త బోర్డులో రెండు మాటలూ ఉన్నాయి.

నేను మాత్రం ఫ్లాటు అమ్మకానికి పెట్టాను. ప్రకటనలో ‘లేక్ వ్యూ’ అని రాయాలా వద్దా అని మా ఆవిడా నేనూ మూడు రాత్రులు వాదించుకున్నాం. రాస్తే రేటు, రాయకపోతే నిద్ర. చివరికి ‘విశాలమైన ఈశాన్యం’ అని రాశాం. నిన్న సాయంత్రం ఫోన్ వచ్చింది. మర్యాదస్తుడి గొంతు.

‘‘సార్, మీ బిల్డింగ్ నుంచి చెరువు ఎంత దూరం ఉంటుందండీ?’’

‘‘చెబుతానండి. ముందు తమరు కొనేవారా, కొలిచేవారా?’’