బొమ్మ పక్కన పురాణం

ఏ ఆర్ట్ గ్యాలరీకైనా వెళ్లి జనం నిలబడే తీరు గమనించండి. బొమ్మ ముందు ఎవరూ నిలబడరు. బొమ్మకు ఓ పక్కగా, మెడ వంచి, కళ్లజోడు సవరించుకుంటూ నిలబడతారు. అక్కడ గోడకు ఒక తెల్లటి అట్ట ఉంటుంది. దాన్ని రెండు నిమిషాలు చదువుతారు. ఆ తర్వాత సంతకం కలిసిందో లేదో చూసే బ్యాంకు గుమస్తాలా బొమ్మ వైపు ఒక్క చూపు విసిరి, తల ఊపి, పక్క అట్ట దగ్గరికి జరుగుతారు. దీన్నే చిత్రప్రదర్శన చూడటం అంటున్నాం.

ఆ అట్టను కొందరు కాన్సెప్ట్ నోట్ అంటారు, కొందరు ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ అంటారు. నేను పురాణం అంటాను. పురాణంలో కనీసం కథ ఉంటుంది, అది వేరే సంగతి.

నైరూప్య చిత్రాలతో నాకు పేచీ లేదు. "ఈ పిచ్చిగీతలు మా మనవడు కూడా గీస్తాడండీ" అనే బాపతు కాను. గీయించి చూడండి, తెలుస్తుంది. నా పేచీ అంతా గీత పక్కన మొలిచిన గద్యంతోనే. దాని రుచి తెలియనివారి కోసం ఒకటి నేనే వండి వడ్డిస్తున్నాను.

"ఈ కృతి ఉనికికీ లేమికీ నడుమ ఉన్న సందిగ్ధ స్థలాన్ని ప్రశ్నిస్తుంది. స్మృతి పొరల్లో నిక్షిప్తమైన దేహపు జాడలను వెలికితీస్తూ, పదార్థానికీ కాలానికీ మధ్య ఎడతెగని సంభాషణను ఆవిష్కరిస్తుంది. ఇక్కడ గీత కేవలం గీత కాదు, అదొక ప్రతిఘటన."

బాగా కుదిరింది కదా? బొగ్గుతో గీసిన నాలుగు అడ్డగీతల పక్కన పెట్టండి, అతుకుతుంది. ఎర్రటి చదరం పక్కన పెట్టండి, అతుకుతుంది. అంతదాకా ఎందుకు, మన సర్కారు ఆఫీసుల్లో మెట్లు తిరిగేచోట గోడమూల ఉంటుంది చూడండి. ఏళ్లతరబడి కిళ్లీ నమిలినవాళ్లంతా పుక్కిలించి పోయిన మూల. అడుగున ఎండి నల్లబడ్డ గోధుమరంగు, పైన ఇంకా తడి ఆరని ఎరుపు, మధ్యలో ఎప్పుడో కొట్టిన వెల్ల, నేల దాకా జారి గడ్డకట్టిన ధారలు, "ఇక్కడ ఉమ్మివేయరాదు" అన్న అక్షరాల్లో చివరి నాలుగు మాత్రమే పైకి తేలి. నా పేరాను తీసుకెళ్లి అక్కడ అంటించండి. దేహపు జాడలా? కావలసినన్ని. కాలమా? పొరలు పొరలుగా ఉంది. ప్రతిఘటనా? వద్దన్న బోర్డు మీదే ఉమ్మారు, ఇంకేం కావాలి!

దేని పక్కన పెట్టినా ఒదిగిపోయే మాట దేని గురించీ కాదని క్యూరేటర్లకు తెలియక కాదు. తెలిసే రాస్తారు.

ఈ భాషలో నాకు మహా ముద్దొచ్చేది "ప్రశ్నిస్తుంది" అన్న క్రియ. ప్రతి బొమ్మా ఏదో ఒకదాన్ని ప్రశ్నిస్తూనే ఉంటుంది. ఏమని అడిగిందో రాయరు. జవాబొచ్చిందో లేదో అసలే రాయరు. మా వీధిలో రోజూ తెల్లారి మెలికల ముగ్గు వేసే ఇల్లాలికి ఇంతవరకు ఎవరూ అట్ట రాసిపెట్టలేదు గానీ, రాసిపెడితే తాను గడపను ప్రశ్నిస్తున్నానని తెలిసి ఆవిడ హడలిపోతుంది.

ఈ సరుకు మన ఊరిది కాదు, దిగుమతైంది. 2012లో అలిక్స్ రూల్, డేవిడ్ లెవిన్ అనే ఇద్దరు, ఈ-ఫ్లక్స్ అనే సంస్థ ఏళ్లతరబడి ప్రపంచానికి పంపిన ప్రదర్శనల ప్రకటనలు పోగేసి, ఇది ఇంగ్లీషులా కనిపించే ఇంకేదో భాష అని తేల్చారు. దాని వేళ్లు 1976లో న్యూయార్క్‌లో మొదలైన 'అక్టోబర్' పత్రిక దాకా, అది ఫ్రెంచి సిద్ధాంతాలను ఇంగ్లీషులోకి దించిన తీరు దాకా పోతాయన్నారు. అంటే మూడు చేతులు మారి మన గోడ ఎక్కిందన్నమాట. దారిలో ఎవరికీ అర్థం కాకపోవడం వల్లే ఇంత భద్రంగా చేరింది.

1910లో పారిస్‌లో ఒక గాడిద ఈ వ్యవహారం మొత్తాన్ని ముందే బయటపెట్టింది. మోంమార్త్ర్‌లోని 'లాపాన్ అజీల్' అనే పానశాల యజమాని గాడిద అది, పేరు లోలో. రోలాన్ దోర్జెలెస్ అనే రచయిత మిత్రులతో కలిసి దాని తోకకు కుంచె కట్టి, ఎదురుగా కాన్వాసు పెట్టి, తినడానికి ఏదో అందిస్తూ తోక ఊపించాడు. రేపొద్దున ఎవరూ కాదనకుండా కోర్టు అమీనాను పిలిచి సాక్ష్యం కూడా రాయించాడు. అడ్రియాటిక్ సముద్రం మీద సూర్యుడు నిద్రపోయాడని ఆ బొమ్మకు పేరు పెట్టి, బొరొనాలి అనే ఇటలీ చిత్రకారుడు వేశాడని చెప్పి స్వతంత్ర చిత్రకారుల సలోన్ అనే ప్రదర్శనలో తగిలించారు. ఈ కథ చెప్పి ఆధునిక కళను వెక్కిరించేవాళ్లు ఒక ముక్క వదిలేస్తారు. బొమ్మతో ఆగలేదు వాళ్లు, బొరొనాలి పేరున ఒక మేనిఫెస్టో కూడా ప్రకటించారు. గాడిద బొమ్మ వేయగలిగింది. పురాణం మాత్రం మనిషే రాయాల్సి వచ్చింది.

బొమ్మ చూసేవాడికి ఏం తెలుస్తుందో చిత్రకారుడు మతీస్ విషయంలో తేలింది. 1961లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఆయన కాగితం కత్తిరింపు 'పడవ' 47 రోజులు తలకిందులుగా వేలాడింది. పట్టుకున్నది విమర్శకుడు కాదు, స్టాక్ బ్రోకరుగా పనిచేసే ఒక ప్రేక్షకురాలు. బొమ్మను చూసింది, పైన ఉండాల్సింది కింద ఉందని అనుమానపడింది, కేటలాగు తెరిచి సరిపోల్చుకుంది. మోండ్రియన్ రంగు టేపులతో కూర్చిన 'న్యూయార్క్ సిటీ 1' అయితే దశాబ్దాల పాటు తలకిందులుగా ఉందని 2022లో జర్మనీలో బయటపడింది. తిప్పితే టేపులు ఊడతాయని అలాగే ఉంచేశారు. దాని మీద రాసిన వ్యాసాలకు మాత్రం ఏ ఢోకా లేదు, వాటిని ఎటునుంచి చదివినా ఒకటే.

"చిత్రకారులు రాయకూడదా?" అని మీదపడకండి. రాయవచ్చు. మాలెవిచ్ రాశాడు, కాండిన్‌స్కీ పుస్తకమే వేశాడు. వాళ్లు రాసినదాంతో తగువు పడవచ్చు, ఎందుకంటే అందులో ఏదో ఒకటి అన్నారు. మాలెవిచ్ 1915లో పెట్రోగ్రాడ్ ప్రదర్శనలో తన నల్ల చదరాన్ని గోడమూల పైన, రష్యన్ ఇళ్లలో దేవుడి పటం పెట్టేచోట తగిలించాడు. అలెక్సాందర్ బెనువా లాంటి విమర్శకుడికి చిర్రెత్తడానికి ఆ మూల చాలింది, అట్ట అక్కర్లేకపోయింది.

సోల్ లెవిట్ అనే కళాకారుడి సంగతి ఇంకా తమాషా. 1968 నుంచి గోడల మీద గీతల బొమ్మలు వేయించాడు. ఆయన దగ్గరా కాగితం ఉంది, కానీ అది పనికొచ్చే కాగితం. ఏ గీత ఎటు పోవాలి, ఎంత ఎడం ఉండాలి, ఏ రంగు వాడాలి అని ఉంటుంది. చదివిన మేస్త్రీ పని మొదలుపెట్టవచ్చు. ఆయన 2007లో పోయాడు. మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లోని మాస్ మోకా మ్యూజియంలో 105 గోడబొమ్మలను ఆ సూచనలు పట్టుకుని ఇతరులు గీసి నిలబెట్టారు. నేను పైన వండిన పేరా పట్టుకుని ఒక్క గీత గీయండి చూద్దాం.

మన దేశంలో నస్రీన్ మొహమ్మదీ అనే చిత్రకారిణి ఉండేవారు. 1937లో కరాచీలో పుట్టి, 1972 నుంచి బరోడాలో పాఠాలు చెప్పి, 1990లో పోయారు. ఇంజినీర్లు ప్లాన్లు గీసే పరికరాలతో, పెన్సిలుతో, సిరాతో గీతలు, అంతే. దూరం నుంచి పల్చటి బూడిదరంగు పొర. దగ్గరికి వెళితే విడివిడి గీతలు, ఒక్కొక్కటీ ముందుదాని కన్నా వెంట్రుకవాసి సన్నం, మధ్య సందు వెంట్రుకవాసి ఎక్కువ. ఆమె చాలా బొమ్మలకు పేరు పెట్టలేదు, తేదీ వేయలేదు. డైరీలు రాసుకున్నారు, గోడకు తగిలించలేదు. అయినా 2016లో న్యూయార్క్‌లో మెట్ బ్రోయర్ మ్యూజియం తలుపులు తెరిచినప్పుడు పెట్టిన తొలి ప్రదర్శనల్లో ఆమెది ఒకటి.

ఇప్పటి కుర్రాడైతే ఆ కాగితాలతో గడప దాటలేడు. గ్రాంటుకైనా, రెసిడెన్సీకైనా దరఖాస్తులో ముందు కాన్సెప్ట్ నోట్ అడుగుతారు. బొమ్మ ఇంకా పుట్టలేదు, జాతకం మాత్రం సమర్పించాలి. పాపం, చేతిలో గీత ఉండి నోట్లో మాట లేని పిల్లలు మొబైల్‌లో ఏఐకి చెప్పి రాయించుకుంటున్నారు. అది క్షణంలో రాసిస్తుంది. ఈ భాష దానికి కొట్టినపిండి, ఎందుకంటే దానికీ బొమ్మ చూడాల్సిన పని లేదు.

"అట్ట లేకపోతే సామాన్యుడికి అర్థం కాదండీ" అంటారు నిర్వాహకులు. ఇదివరకు ఆ సామాన్యుడికి బొమ్మ ఒక్కటే అర్థమయ్యేది కాదు. ఇప్పుడు రెండు. నిజంగా వాడి మీద దయ ఉంటే కాగితం ఏదో, వాడింది బొగ్గో సిరానో, ముందు ఏ పొర వేశారో, ఎక్కడ తుడిచారో రాయండి. లేదంటే పీకేయండి. "మరి ధర ఎక్కడ రాయాలి?" అని వెంటనే అడుగుతారు, తెలుసు. ధర ఉంచండి, వద్దనలేదు. అట్ట మొత్తంలో జనం బొమ్మ వైపు తిరిగి రెండోసారి చూసేది ఆ ముక్క చదివాకే.