చలికాలపు పంది, వేసవి పిల్లలు

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలు పొద్దున్నే కాల్చిన రొట్టె మీద పూసుకు తినే పంది మాంసపు ముద్దను క్రెతోన్ అంటారు. కొవ్వు దండిగా ఉన్న పంది కీమాలో ఉల్లి తరుగు, పాలు, రొట్టె పొడి, లవంగాల పొడి, దాల్చినచెక్క పొడి కలిపి, సన్నని సెగ మీద గంటకు పైగా ఉడికించి, చిన్న గిన్నెల్లోకి తీసి చల్లార్చినప్పుడు, కొవ్వు పైకి తేలి తెల్లని పొరగా పేరుకుంటుంది. రుచి గురించి ఎన్ని పొగడ్తలైనా వినవచ్చు గాని, రంగు ప్రస్తావన వచ్చేసరికి దాని వీరాభిమానులు సైతం మాట మారుస్తారు, ఎందుకంటే అది బూడిదకూ సిమెంటుకూ మధ్యరకంగా ఉంటుంది. దాని మీద పసుపుపచ్చని ఆవముద్ద పూసే ఆచారం కేవలం రుచి కోసమే పుట్టిందని నమ్మడం కష్టం.

నిజానికిది చలికాలపు వంట. పూర్వం క్యూబెక్ పల్లెల్లో, క్రిస్మస్‌కు ముందు, మాంసం ఆరుబయటే గడ్డకట్టి నిల్వ ఉండే రోజులు చూసి పందిని కోసేవారు. రక్తం బూడాన్ అనే సాసేజికీ, కాళ్లు చిక్కని పులుసుకూ పోగా, మిగిలిన ముక్కలూ కొవ్వూ క్రెతోన్ కుండలోకి చేరేవి. అయినా ఈ వంటకం పేరెత్తి పెద్దవారిని కదిలిస్తే వారు చెప్పుకొచ్చేది తరచు డిసెంబరు సంగతి కాదు, జూలై సంగతి. జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండుగ నాటికి అక్కడి బడులు మూతపడతాయి. పిల్లలు అమ్మమ్మగారింటికో, సరస్సు ఒడ్డున షాలే అనే కలప కుటీరానికో చేరతారు. బడి లేని పిల్లవాడు కంచం ముందు కూర్చోడన్నది ఏ దేశపు తల్లికైనా తెలిసిన సత్యమే గనక, ఒక చేత్తో తింటూ రెండో చేత్తో దోమతెర తలుపు తోసుకుని పరిగెత్తడానికి వీలైన తిండిగా క్రెతోన్ పూసిన రొట్టె నిలదొక్కుకుంది. ఆ పిల్లలు పెద్దవారై, చెప్పుల్లేని తిరుగుళ్లనూ, సరస్సులో ఈతలనూ, ఎక్కడికెళ్లావని ఎవరూ అడగని మధ్యాహ్నాలనూ కలిపి క్రెతోన్ ఖాతాలో జమ వేశారు. న్యాయంగా చూస్తే పందికి దక్కిన ఘనతలో సగం సెలవులది.

ఇంట్లో దీన్ని నిల్వ చేసే పద్ధతి కూడా పరిశీలించదగినదే. పొదుపరులైన అమ్మమ్మలు క్రెతోన్‌ను ఖాళీ అయిన మార్గరీన్ డబ్బాల్లోకి ఎత్తేవారు. మార్గరీన్ అంటే నూనెలతో చేసి వెన్నకు బదులు వాడే పదార్థం. వెన్నతో పోటీ పడకుండా దానికి పసుపు రంగు వేయరాదని, పాడిరైతుల ఒత్తిడి మేరకు, క్యూబెక్‌లో 2008 దాకా నిషేధం ఉండేది. అందువల్ల మూత తీయగానే కనిపించే తెలుపు మార్గరీనా, క్రెతోన్ మీది కొవ్వా అన్నది కత్తి దిగితే గాని తేలేది కాదు. ఆకలి మీదున్న మనవడు కత్తి దించి, అడుగుదాకా తెలుపే ఉందని గ్రహించిన క్షణాన, శాసనసభ సామాన్యుడి నోటిదాకా ఎలా వస్తుందో తొలిసారి తెలుసుకునేవాడు.

1840, 1930ల మధ్య సుమారు 9 లక్షల మంది క్యూబెక్ వదిలి అమెరికాకు, చాలావరకు లోవెల్, వూన్‌సాకెట్ వంటి మిల్లు పట్టణాలున్న న్యూ ఇంగ్లండ్‌కు వలసపోయినప్పుడు ఈ వంటకమూ వారి వెంట వెళ్లి అక్కడ గోర్టన్ అయింది. దాల్చినచెక్క వేయాలా వద్దా, రొట్టె పొడి మేలా ఓట్స్ మేలా అన్న తగవులు కూడా సామాన్లతో పాటే సరిహద్దు దాటాయి. కాకి పిల్ల కాకికి ముద్దన్నట్టు, ఎవరి అమ్మమ్మ వండినది వారికి ప్రమాణం.

ఇప్పుడు సూపర్‌మార్కెట్లలో ఫ్యాక్టరీ క్రెతోన్‌తో పాటు మాంసం ముట్టనివారి కోసం కాయధాన్యాలతో చేసిన రకమూ దొరుకుతుంది. ఆవముద్ద దండిగా పూస్తే తేడా తెలియదని దాన్ని మెచ్చేవారు వాదించవచ్చు. ఆ వాదమే నిజమైతే, తరతరాలుగా జనం లొట్టలేసుకుంటూ తిన్నది ఆవముద్దనేమోనన్న అనుమానానికి పంది తరఫున ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి ఉంటుంది.