ముక్కుపురుగు మాట

చాటలో బియ్యం చెరుగుతుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుకునేది నేనే. చచ్చిందిలే అని మీరు అటు తిరగగానే లేచి నడుస్తాను.

మాది మిర్యాలగూడ. పుట్టిల్లు ఒక బియ్యపుగింజ. మా అమ్మ ముక్కుతో దానికి చిల్లు పెట్టి, ఒక్క గుడ్డు లోపలికి జార్చి, జిగురుతో మూసి వెళ్లిపోయింది. నెలరోజులకు లోపలంతా తినేసి బయటపడ్డాను. ఒళ్లంతా కలిపి మూడు మిల్లీమీటర్లు, వీపు మీద నాలుగు నారింజ మచ్చలు. 1763లో స్వీడన్ పండితుడు లిన్నేయస్ వరి పేరు కలిపి మాకు శాస్త్రీయ నామం పెట్టాడు. పేరు ఘనమే, పని మాత్రం గింజను పిండి చేయడం.

మా పెద్దలకు ఇక్కడ ఇంత వైభోగం లేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మెట్టచేలు వరిమడులయ్యాయి. మిర్యాలగూడలో మిల్లులు బారులు తీరాయి, సూర్యాపేట మార్కెట్ యార్డులో వడ్ల రాశులు లేచాయి, కోదాడ మీదుగా విజయవాడ రోడ్డంతా లారీలే. మా రాజ్యం పెంచింది ముందు కాలువ, ఆ తర్వాత లారీ. బస్తాలో ఉంటే చాలు, రెక్క కదపనక్కర్లేదు.

ఎండలు ముదిరాయి కదా, పురుగులకు పండగే అనుకుంటారు మీరు. అందులో సగమే నిజం. 28, 30 డిగ్రీలు మాకు హాయి. 15 కంటే కిందికి పడిపోతే మా పిల్లలు ఎదగవు. పైకి పోతే ఇంకో చిక్కు. మా ఒంట్లో సోడాలిస్ అనే బ్యాక్టీరియా కాపురముంటుంది. బియ్యంలో దొరకని పోషకాలు అది తయారుచేసి పెడుతుంది. మా పెంకు గట్టిపడేదీ, రెక్కకు సత్తువ వచ్చేదీ దాని చలవే. ఆ బ్యాక్టీరియా లేని ముక్కుపురుగులు కావాలంటే శాస్త్రవేత్తలు ఏం చేస్తారో తెలుసా? మమ్మల్ని 35 డిగ్రీల వేడిలో, బాగా చెమ్మలో నెలరోజులు ఉంచుతారు. అంతే, అది పోతుంది. ఇక సూర్యాపేటలో మే నెల మధ్యాహ్నం, రేకుల గోదాము సంగతి మీరే ఊహించుకోండి. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి 2024 అత్యంత వేడి సంవత్సరమని వాతావరణ శాఖే చెప్పింది.

మాకు సరిపడని ఆ వేడి పక్క బస్తాలోని నుసిపురుగుకు ముద్దు. 34 డిగ్రీల దగ్గర దాని సంతానం జోరుగా పెరుగుతుంది. పొట్టు చీలితే తప్ప మేం దూరలేని వడ్లను కూడా అది తొలిచేస్తుంది. వేడి పెరిగితే అన్ని పురుగులూ పెరగవు. ఎవరి జాగాలోకి ఎవరొస్తారో చూసుకోవాలి.

చలిదేశాల్లో కథ వేరు. కెనడాలో పైన్ చెట్ల బెరడు తొలిచే దూరపు చుట్టం ఒకటుంది. మైనస్ 40 డిగ్రీల చలే దానికి కళ్లెం. చలికాలాలు మెత్తబడ్డాక 2006లో రాకీ పర్వతాలు దాటి అల్బర్టాలో దండుగా దిగింది. గాలే మోసుకెళ్లింది.

ధాన్యం తినే మన ఖాప్రా పురుగుకైతే ఎగరడమే రాదు. అయినా అమెరికా దాని పేరు వింటేనే ఉలిక్కిపడుతుంది. 2011 నుంచి ప్రయాణికుల సంచుల్లో ఇక్కడి బియ్యాన్ని రానివ్వడం లేదు. డల్లాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్లే కోదాడ అమ్మ సోనామసూరి మూట విమానాశ్రయంలో ఆగిపోయేది అందుకే. చేసేది ఒకటి, నింద మా అందరికీ.

యూరప్ గోదాముల్లో మాకో దాయాది ఉంది. చలికి ఓర్చుకుంటుంది కానీ దానికి కూడా ఎగరడం రాదు. అక్కడి చలి సడలేకొద్దీ మాలాంటి వెచ్చని దేశం వాళ్లకు చోటు దొరుకుతుంది. ధాన్యం ఓడలు ఎలాగూ ఉన్నాయి.

ఆ ముచ్చట తర్వాత. గోదాములో బస్తాల మీద టార్పాలిన్ కప్పుతున్నారు, మందు మాత్రలు పెట్టే మనిషి వచ్చినట్టున్నాడు. గేటు దగ్గర కోదాడ లారీ ఇంకా కదల్లేదు.