మా రోజుల్లో గద్దింపు గడప దాకా వచ్చేది

పాపం చేసినవాళ్ళు తలెత్తుకు తిరుగుతున్నారని మా ఈడువాళ్ళంతా గొణుగుతుంటారు. నా గొణుగుడు అది కాదు. పాపం ఏ కాలంలో లేదు గనక? మా రోజుల్లోనూ తాగారు, కట్నాలు పుచ్చుకున్నారు, పొలం గట్లు జరిపారు, సంఘం డబ్బులు మింగారు. కాకపోతే నలుగురి కంటా పడకుండా చేసేవారు. ఇప్పుడు ఫ్లెక్సీ కట్టించి మరీ చేస్తున్నారు. సరే, సిగ్గు పోయింది, పోనీండి. నాకు మండేది ఇంకొకటుంది. అడగాల్సినవాడు అడగడం మానేశాడు. అడిగే నోరున్నవాళ్ళేమో తమకు ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఫోన్లో అడుగుతున్నారు.

మాది గుంటూరు వైపు లూథరన్ సంఘం. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరులో దిగిన దగ్గర్నించీ లెక్కేసుకుంటే మా వైపు సువార్తకు నూట ఎనభై ఏళ్ళు దాటాయి. నా చిన్నతనంలో పాస్టరుగారు నెలకోసారి వచ్చేవారు. మిగతా రోజుల్లో ఊరి సంఘానికి పెద్ద దిక్కు ఉపదేశిగారే. రాత్రిళ్ళు ఆయన ఎవరింటికైనా బయల్దేరితే లాంతరు పట్టుకుని ముందు నడిచే పని నాది. ఇల్లు రాగానే నన్ను వాకిట్లో నిలబెట్టి, గడప దగ్గర గొంతు సవరించుకుని, ఒక్కరే లోపలికి వెళ్ళేవారు.

ఒక రాత్రి సంగతి నాకు బాగా గుర్తు. ఆ ఇంటాయన చనిపోయిన తమ్ముడి భాగం అరెకరం కలిపేసుకున్నాడు. తమ్ముడి పెళ్ళాం ఇద్దరు పిల్లలతో కూలికి పోతోంది. ఉపదేశిగారు నులకమంచం మీద కూర్చుని పొగాకు రేటు అడిగారు, ఎద్దు కాలి పుండు మానిందా అన్నారు, ఇచ్చిన మజ్జిగ తాగారు. అప్పుడు నెమ్మదిగా, “ఆ అరెకరం సంగతేం చేశావురా అబ్బాయ్?” అన్నారు.

“అది మా ఇంటి గొడవ, అయ్యగారూ.”

“నీ ఇంటి గొడవ గనకే నీ ఇంటికొచ్చాను. గుళ్ళో చెప్పుకునే గొడవైతే ఆదివారం అక్కడే అడిగేవాణ్ణి.”

ఆ రాత్రి వాడు వినలేదు. మళ్ళీ ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. అప్పుడూ వినలేదు. మూడోసారి సంగతి సంఘంలో పెట్టి, వాడికి బల్ల ఆపేశారు. సంస్కారం ఇచ్చే ఆదివారం అందరూ లేచి ముందుకు వెళ్తుంటే వాడు వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెళ్ళాం ఒక్కతే వెళ్ళి మోకరించింది. ఎవరూ వాణ్ణి ఒక్క మాట అనలేదు, అనాల్సిన పనీ లేకపోయింది. పంట ఇంటికొచ్చేలోపే అరెకరం వదిలేశాడు. వాడు మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చిన రోజున ముందుగా లేచి చెయ్యి కలిపింది ఉపదేశిగారే.

ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరసే అది. ముందు నువ్వూ అతనూ ఒంటరిగా మాట్లాడుకోవాలి, తర్వాత ఒకరిద్దరు సాక్షులు, ఆఖర్న సంఘం. తోటివాణ్ణి పదిమందిలో తలదించుకునేలా చేయడం కాదు దాని ఉద్దేశం, తిరిగి సంపాదించుకోవడం. కొరింథు సంఘంలో ఒకడు తండ్రి భార్యనే ఉంచుకుంటే, సంఘం దుఃఖపడకపోగా ఉప్పొంగిపోతోందని పౌలు మండిపడ్డాడు. సిగ్గులేనితనం మన కాలంలోనే పుట్టిందనుకునేవాళ్ళు అది చదువుకోవాలి. అదే పౌలు రెండో పత్రికలో, సంఘం శిక్షించినవాణ్ణి ఇక క్షమించి ఓదార్చండి, అధిక దుఃఖంలో మునిగిపోతాడేమో అని రాశాడు. గద్దించడం, అక్కున చేర్చుకోవడం రెండూ కలిస్తేనే క్రమశిక్షణ.

మా రోజుల్లో అన్నీ సవ్యంగా ఉన్నాయని నేను అబద్ధమాడను. కాలుజారిన ఆడపిల్లని సంఘం ముందు నిలబెట్టి, కారణమైన పెద్దింటి కుర్రాణ్ణి రాత్రికి రాత్రి పట్నం బస్సెక్కించిన ఊళ్ళు నాకు తెలుసు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేస్తూ, యాకోబు దగ్గర్నుంచి మనుషులు రాగానే పక్కకు తప్పుకుంటే, పౌలు అందరి ముందే నిలదీశాడు. తప్పు పదిమందిలో జరిగింది, గద్దింపూ పదిమందిలోనే జరిగింది. కులాన్నిబట్టి గుళ్ళో వేరువేరుగా కూర్చున్న మన సంఘాల్లో ఎందరు పెద్దలు ఆ పౌలులా నోరు విప్పారు? ఆ బాకీ మా తరం నెత్తిన అలాగే ఉంది.

అయినా ఒకటుంది. వదులుకోవాల్సింది ఏమిటో తెలిసే అప్పటివాళ్ళు సంఘంలోకి వచ్చారు. ఒంగోలు వైపు తాళ్ళకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్యగారి కాలం నాటి విశ్వాసులు చచ్చిన పశువు మాంసం తినం అన్నారు, జాతరలో డప్పు కొట్టం అన్నారు, ఆదివారం పనికి రాం అన్నారు. ఊరి పెద్దలు కక్ష కట్టినా మాట తప్పలేదు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని ఇప్పించిన మిషనరీ క్లౌ దొరగారు, ఆ పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని. తర్వాత 1878 జులై 3న ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను మన ఉపన్యాసకులు ఇప్పటికీ గర్వంగా చెబుతారు. దాని వెనకున్న నెలల నిరీక్షణ సంగతి మాత్రం ఎత్తరు. ఇప్పుడు అంకె ఒక్కటి చాలు, ప్రశ్న అక్కర్లేదు.

ఇక ఇప్పటి సంగతి చూడండి. గుళ్ళో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటారు. కట్నం ఎన్ని లక్షలో, కారు ఏ రంగో బల్లల మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఇచ్చినా పుచ్చుకున్నా నేరమని 1961లోనే చట్టం వచ్చింది. ఒక్కడూ లేవడు. మూడో ఆదివారం అయ్యాక రిబ్బను కట్టిన ఆ కారునే గుడి మెట్ల ముందు ఆపి, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి, ఫొటో దిగుతారు. అక్కడితో ఆగారా? కట్నం పుచ్చుకున్న తండ్రి మైకు సెట్టు కొనిచ్చాడని శాలువా కప్పుతారు. ఆ మైకులోంచే తర్వాతి ఆదివారం పరిశుద్ధత మీద ప్రసంగం వస్తుంది.

ఎవరైనా నోరెత్తబోతే తీర్పు తీర్చకూడదన్న వాక్యం అడ్డమేస్తారు. నాయనలారా, ఇంకో నాలుగు వచనాలు చదవండి. నీ కంట్లో దూలం తీసుకుంటే తోటివాడి కంట్లో నలుసు తీయడానికి చూపు తేటపడుతుందని ఉంది. నలుసు జోలికే పోవద్దని లేదు.

కుర్రకారు సంగతి మరీ చోద్యం. మా మనవడు రాత్రి పన్నెండు దాకా ఫోన్లో సత్యం కోసం పోరాడుతుంటాడు. ఎక్కడో హైదరాబాదులో ఒక ప్రసంగీకుడు నూనె సీసాలు అమ్ముతున్నాడట, ఇంకొకడు అబద్ధ ప్రవచనాలు చెబుతున్నాడట. నిజమే కావచ్చు. వీడు కింద నాలుగు తిట్లు రాస్తాడు, నలభై మంది చప్పట్లు కొడతారు. వీడి పక్కన కూర్చుని గిటారు వాయించే స్నేహితుడు బెట్టింగు యాప్‌లో వాళ్ళమ్మ గాజులు తగలేశాడు. వాడికి మాత్రం ఒక్క మాట చెప్పలేదు. అదేంరా అంటే “ఫీలవుతాడు తాతయ్యా” అన్నాడు. ముక్కూ మొహం తెలియనివాడు ఫీలవడా మరి?

నాతాను దావీదు దగ్గరికి వెళ్ళి గొర్రెపిల్ల కథ చెప్పి, ఆ మనిషివి నువ్వేనని మొహం మీదే అన్నాడు. ఊరూరా చాటింపు వేయలేదు. క్రీ.శ. 390లో థెస్సలొనీకలో చక్రవర్తి థియొడోసియస్ సైన్యం వేలమందిని నరికితే, మిలాను బిషపు అంబ్రోస్ ముందు ఒక ఉత్తరం రాశాడు. గుమాస్తా చేత కాదు, చక్రవర్తి ఒక్కడే చదవాలని స్వహస్తంతో రాశాడు. పశ్చాత్తాపపడేదాకా తమరి ఎదుట బల్ల ఆచరించలేనన్నాడు. చక్రవర్తి రాజచిహ్నాలు పక్కనపెట్టి జనం మధ్య ఏడ్చాడు. అంబ్రోస్ గుడి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడన్న కథ తర్వాతివాళ్ళు కలిపింది. మనకేమో ఆ గుమ్మం కథే ఇష్టం, వీడియో బాగా వస్తుంది గనక.

మా కొత్త పాస్టరుగారు మంచి కుర్రాడు. కట్నాల మాట ఎత్తితే, “వాళ్ళ కానుకలతోనే సంఘం నడుస్తోంది తాతగారూ, రేపు బదిలీ చేయిస్తే నా పిల్లల చదువో?” అన్నాడు. అతని కష్టం నాకు తెలియనిది కాదు. హేరోదును నిలదీసిన యోహానుకు బదిలీ కాలేదు, తల పోయింది. మనల్ని తల ఇమ్మని ఎవరూ అడగట్లేదు. ఒక పూట మొహమాటం చంపుకోమంటున్నారంతే.

వచ్చే ఆదివారం మా గుళ్ళో ఒక పెళ్ళికి మూడో ప్రకటన. శనివారం సాయంత్రం పెళ్ళికొడుకు తండ్రి ఇంటికి వెళ్తానని మా ఆవిడతో చెప్పాను, ఒంటరిగానే. వాడు నా దగ్గర ఏడో తరగతి చదువుకున్నవాడే, కనీసం కుర్చీ అయినా వేస్తాడు. వినకపోతే మా వీధి చివర ఇద్దరు ముసలాళ్ళు సాక్షులుగా వస్తామన్నారు. అప్పటికీ వినకపోతే సంఘంలో పెట్టాలి. అక్కడే చిక్కుంది. సంఘంలో మాట్లాడాలంటే వాడు కొనిచ్చిన మైకులోనే మాట్లాడాలి.