కిటికీ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: ది విండో వాజ్ బ్రోకెన్ బై ది బాయ్.

అవతారిక. ఇంగ్లిష్ వ్యాకరణంలో కర్మణి ప్రయోగం, అంటే పాసివ్ వాయిస్ పాఠం వచ్చిందంటే ఇలాంటి వాక్యం ఒకటి రాక తప్పదు. కర్త ఎవరో తెలియదు (ఇది వాక్యం రాసిన కర్త మాట, పగలగొట్టిన కర్త సంగతి కింద వస్తుంది). కాలం తెలియదు. 'వాయిస్ మార్చుము' అన్న ప్రశ్న కింద తెలుగునాట తరతరాల పిల్లలు ఈ కిటికీని పగలగొడుతూనే ఉన్నారు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి మాటకు కట్టుబడతాడు. రెండోదానికి పూచీ లేదు.

ప్రతిపదార్థం. ది విండో = ఆ కిటికీ (దెబ్బ తిన్నది అదే, పెద్దపీట కూడా దానికే); వాజ్ = 'బి' క్రియకు భూతకాల రూపం, కాలాన్ని మోసే సహాయక క్రియ; బ్రోకెన్ = పగలగొట్టబడినది; బై = చేత; ది బాయ్ = ఆ కుర్రాడు. క్రమం తిరగేస్తే అన్వయం: ఆ కుర్రాడి చేత ఆ కిటికీ పగలగొట్టబడింది. తెలుగువాడెవడూ ఇంట్లో ఇలా మాట్లాడడని వేరే చెప్పాలా?

టీక. ఇక్కడ జరిగిందల్లా కుర్చీల మార్పు. కర్తరి వాక్యంలో ముందు కుర్చీ కుర్రాడిది. కర్మణిలో కిటికీ వచ్చి అందులో కూర్చుంది. కుర్రాడు వాక్యం కొసకు వెళ్ళాడు. అక్కడ ఒంటరిగా నిలబడే హక్కు అతనికి లేదు, 'బై' చెయ్యి పట్టుకోవాలి.

ఈ 'బై' ఒక్క పనితో ఊరుకునే రకం కాదు. 'బై మిడ్‌నైట్' అంటే అర్ధరాత్రిలోగా. 'బై ది రివర్' అంటే ఏటి పక్కన. 'బై బస్' అంటే బస్సులో. 'ఫౌండ్ బై ది రివర్' అంటే ఏరే వెతికి పట్టుకుందని ఎవరూ అనుకోరు. 'ఫౌండ్ బై ది పోలీస్' అంటే పోలీసుల పక్కన పడి ఉందనీ అనుకోరు. అర్థాన్ని తేల్చేది 'బై' కాదు, దాని వెనక వచ్చే నామవాచకం.

సంస్కృతంలోనూ ఇలాంటి ఉమ్మడి కాపురం ఉంది. తృతీయా విభక్తిని కర్తకూ, పనిముట్టయిన కరణానికీ కలిపి పాణిని ఒకే సూత్రంలో ఇచ్చాడు. రాముడు బాణంతో వాలిని చంపిన సంప్రదాయ ఉదాహరణను కర్మణిలో పెడితే రాముడికీ బాణానికీ ఒకే విభక్తి పడుతుంది. ఇంగ్లిష్ ఆస్తి పంచింది: కుర్రాడికి 'బై', రాయికి 'విత్'. 'బ్రోకెన్ బై ది బాయ్ విత్ ఎ స్టోన్.' అయితే పంపకం పూర్తిగా తెగలేదు. 'బ్రోకెన్ బై ఎ స్టోన్' అన్నా తప్పు లేదు. లారీ చక్రం కింద నుంచి ఎగిరిన రాయి కావచ్చు. 'బ్రోకెన్ విత్ ఎ స్టోన్' అన్నామా, రాయి వెనక ఒక చెయ్యి ఉన్నట్టే. ఎవరి చెయ్యో చెప్పకపోయినా ఉన్నట్టే. ఇంత సన్నని గీతను రెండు చిన్న మాటలు కాపాడుతుంటే, బడిలో వాటిని మార్కులకోసం బట్టీ పట్టించి వదిలేస్తారు.

పాఠాంతరం. ఈ కొలువు 'బై'కి పుట్టుకతో వచ్చింది కాదు. ప్రాచీన ఇంగ్లిష్‌లో 'ఫ్రమ్', 'ఆఫ్' మాటల పాత రూపాలు ఈ పని చూసేవి. మధ్యయుగాల చివరికి 'ఆఫ్'దే పెత్తనం. 1600 ప్రాంతంలో 'బై' దాన్ని పక్కకు నెట్టింది. అయినా 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో యేసు బాప్తిస్మం పొందింది 'ఆఫ్ జాన్'. 'నోన్ టు', 'కవర్డ్ విత్', 'సర్‌ప్రైజ్డ్ ఎట్' లాంటివి నేటికీ 'బై' ఏలుబడికి పూర్తిగా లొంగలేదు.

పూర్వపక్షం. కర్మణి ప్రయోగం పిరికిది, దొంగది, మానేయాలి అని ఒక వర్గం వాదన. జార్జ్ ఆర్వెల్ 1946లో రాజకీయాలూ ఇంగ్లిష్ భాషా అన్న వ్యాసంలో, కర్తరి వాడగల చోట కర్మణి వాడొద్దని నియమం పెట్టాడు. విలియం స్ట్రంక్ చిన్న శైలి పుస్తకాన్ని ఇ.బి. వైట్ 1959లో తిరగరాశాక, ఆ మాట అమెరికా కాలేజీల్లో వేదమైంది.

సమాధానం. ఆర్వెల్ వ్యాసపు మొట్టమొదటి వాక్యంలోనే ఒక కర్మణి ఉంది, దానికి కర్త లేడు. అదే వాక్యంలో ఒక 'బై' కూడా ఉంది కానీ అది తెచ్చేది మనిషిని కాదు, సాధనాన్ని. స్ట్రంక్, వైట్‌ల సంగతి ఇంకా ముచ్చటైనది. కర్మణిని ఇలా దిద్దుకోవాలంటూ వాళ్ళు ఇచ్చిన నాలుగు నమూనాల్లో మూడు అసలు కర్మణులే కావని భాషాశాస్త్రవేత్త జెఫ్రీ పుల్లమ్ 2009లో పట్టుకున్నాడు. తెల్లవారుజామున వినిపించే కోడికూత వాక్యం ఒక్కటే అసలైన కర్మణి. నిషేధించినవాళ్ళకే నిందితుడి పోలిక తెలియకపోతే తీర్పుకు విలువేముంది?

మరో భ్రమ బడిలోదే: వాయిస్ మారితే అర్థం మారదని. మారవచ్చని భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ 1957లోనే ఎత్తి చూపాడు. ఉదాహరణకు, 'ఎవ్రీ స్టూడెంట్ రెడ్ టూ బుక్స్' అంటే ఒక్కో పిల్లాడూ ఏవో రెండు చదివాడని తోస్తుంది. 'టూ బుక్స్ వర్ రెడ్ బై ఎవ్రీ స్టూడెంట్' అంటే ఆ రెండే అందరూ చదివారని తోస్తుంది. ప్రశ్నపత్రంలో దీనికీ పూర్తి మార్కులే.

అధ్యాహారం. ఇంగ్లిష్ కర్మణి వాక్యాల్లో సుమారు ఐదింట నాలుగింటికి 'బై' భాగమే ఉండదని పెద్ద వ్యాకరణాల లెక్క. కాబట్టి మన మూలం అరుదైన ప్రతి. ఎక్కువచోట్ల కర్త అక్కర్లేకనో, అందరికీ తెలిసో రాడు. కొన్నిచోట్ల రాకుండా చూస్తారు. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఇరాన్ వ్యవహారం గురించి కాంగ్రెస్‌తో 'మిస్టేక్స్ వర్ మేడ్' అన్నాడు, పైగా 'సీరియస్' అన్న విశేషణంతో. 1876లో అధ్యక్షుడు గ్రాంట్ కూడా ఇంచుమించు అదే అన్నాడు కానీ, ఆ వెంటనే ఒప్పుకుంటున్నానని చేర్చాడు. ఈ తరహా మాటకు విలియం ష్నైడర్ అనే రాజకీయ విశ్లేషకుడు 'పాస్ట్ ఎక్సోనరేటివ్' అని కొత్త కాలం పేరు పెట్టాడు. అంటే నిర్దోష భూతకాలం.

అయినా కర్మణి మీద నింద అన్యాయమనే ఈ వ్యాఖ్యాత పక్షం. 'బై' తీసేసినా కర్త కుర్చీ ఖాళీగా మిగులుతుంది. 'ది షిప్ వాజ్ సంక్ టు కలెక్ట్ ది ఇన్సూరెన్స్' అంటే బీమా సొమ్ము కోసం ఎవడో ముంచాడని వెంటనే అర్థమవుతుంది. 'ది షిప్ శాంక్ టు కలెక్ట్ ది ఇన్సూరెన్స్' అంటే ఓడే సొమ్ముకు ఆశపడ్డట్టు నవ్వులాటవుతుంది. నిజంగా కర్తను మాయం చేయాలంటే 'ది విండో బ్రోక్' చాలు. అది కర్మణి కాదు, శుద్ధమైన కర్తరి.

2012లో అమెరికా మెరైన్ కోర్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు రెబెకా జాన్సన్ ఒక చిట్కా చెప్పింది: క్రియ తర్వాత 'బై జాంబీస్' అని చేర్చి చూడండి, అతికితే అది కర్మణి. 'మిస్టేక్స్ వర్ మేడ్ బై జాంబీస్' చక్కగా అతుకుతుంది. 'ది విండో బ్రోక్ బై జాంబీస్' అతకదు.

తాత్పర్యం. కిటికీ పగిలింది, కుర్రాడు పగలగొట్టాడు. మాట కిటికీ గురించి నడుస్తుంటే, కొత్త సమాచారమైన కుర్రాడు చివర రావడమే పద్ధతి. 'ది మోనాలిసా వాజ్ పెయింటెడ్ బై లియొనార్డో' అన్నప్పుడు ఆ కొస దాచే చోటు కాదు, చూపే చోటు.

విశేషం. తెలుగు సర్కారు నోటీసులో 'ఇందుమూలముగా తెలియజేయడమైనది' అని ఉంటుంది. అందులో కర్మణి గుర్తయిన 'బడు' లేదు, 'చేత' పెడదామంటే సాఫీగా ఇమడదు. తెలియజేసినవాడు వాక్యంలో ఎక్కడా దొరకడు. కాగితం అడుగున, కుడివైపు, 'సం/-' కింద హోదా రూపంలో తేలతాడు.