షరతులు వర్తించును: టీకా తాత్పర్య సహితము

అవతారిక. ఆన్‌లైన్ వేలంపాటల సైట్లలోనూ బహుమతుల సైట్లలోనూ అట్టడుగున బూడిదరంగు చిన్న అక్షరాలతో వెలిసే నిబంధనావళి అజ్ఞాతకర్తృకం. సైటు సైటుకూ పాఠం మారుతున్నా, తరచుగా కనబడే సూత్రాలను ఏరి, ఏ ఒక్క సంస్థకూ చెందని సామాన్యపాఠంగా కూర్చి ఇక్కడ వ్యాఖ్యానించడమైనది. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసిన కోలాచలం మల్లినాథసూరి మెదక్ సీమలోని కొల్చారం వాడు గనుక తెలంగాణ వ్యాఖ్యాతలకు ఆ కట్టుబాటు తప్పదు. అయితే ఆయన చేపట్టిన కావ్యాలు చదివించడానికి రాసినవి, ఇది చదవనీయకుండా దాటించడానికి రాసినది. శాస్త్రగ్రంథానికి విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగు అనుబంధాలు ఉండాలంటారు. ఇక్కడ విషయం బహుమతి, ప్రయోజనం సంస్థది, సంబంధం ఓటీపీ. అధికారి, అంటే గ్రంథానికి అర్హుడైన పాఠకుడు, నల్లగొండ జిల్లా కేతేపల్లిలో 65వ జాతీయ రహదారి పక్కన బస్సు కోసం నిలబడి, 'అంగీకరిస్తున్నాను' అన్న గడిలో బొటనవేలితో టిక్కు పెట్టే సామాన్యుడు.

మూలము 1. షరతులు వర్తించును.

టీక. షరతులు = కింద చెప్పబోయే కట్టుబాట్లు; వర్తించును = అమలగును. ఎవరికి అన్నది మూలంలో లేదు. 'పాల్గొనువానికి' అని అధ్యాహారం చేసుకోవాలి, అనగా లేని పదాన్ని సందర్భాన్ని బట్టి తెచ్చుకోవాలి. 'సంస్థకును' అని కూడా తెచ్చుకున్నవారికి తక్కిన సూత్రాలన్నింటితో విరోధం వస్తుంది.

మూలము 2. పాటకు వెచ్చించిన పాయింట్లు ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడవు.

టీక. పాట = వేలంలో ధర పెంచుతూ పలికే పలుకు; పాయింట్లు = ముందుగా డబ్బు చెల్లించి కొన్న టోకెన్లు, పోయేది రూపాయి అని తోచకుండా అడ్డుపడేవి; వెచ్చించిన = గెలిచినా ఓడినా ఖర్చయిపోయిన.

తాత్పర్యము. బాలాపూర్ గణపతి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకు చేరింది. ఆ పాటలో ఎంతమంది గొంతెత్తినా డబ్బు కట్టేది లడ్డూ దక్కినవాడు ఒక్కడే, ఓడినవాడు జేబు తడుముకోనక్కరలేకుండా ఇంటికి పోతాడు. పెన్నీ వేలం అని పేరుబడ్డ ఆన్‌లైన్ పద్ధతిలో పాట పాడిన ప్రతివాడూ ప్రతి పాటకూ రుసుము కడతాడు, వస్తువు మాత్రం ఒకడికే పోతుంది. ఒక్కో పాటకు 10 రూపాయల పాయింటు ఖర్చయి, వస్తువు ధర 10 పైసలే పెరుగుతుందనుకుంటే, 15,000 రూపాయల ఫోను 600 రూపాయలకు పలికి ముగిసే సరికి 6,000 పాటలు పడి ఉంటాయి. అంటే సంస్థకు పాయింట్ల మీద 60,000, ధర కింద 600 చేరతాయి. '15,000 ఫోను 600కే' అని ప్రకటనలో వేసిన మాట అక్షరాలా సత్యం, గ్రంథకర్త ప్రతిభ అంతా అందులోనే ఉంది. ఇక గడియారం సంగతి: పాట ముగియడానికి మూడు సెకన్లు ఉన్నాయనగా ఎవరో పాడతారు, వెంటనే లెక్క మళ్లీ పదిహేను సెకన్లకు వెళుతుంది, ఆకుపచ్చ బటన్ మళ్లీ మినుకుమంటుంది, అప్పటిదాకా పోయిన పాయింట్లు వృథా కారాదని వేలు మళ్లీ దానిమీదికే పోతుంది. ఓడినవాడూ కట్టవలసిన వేలంలో మనిషి ఎందుకు ఆగలేడో ఆర్థికవేత్త మార్టిన్ షూబిక్ 1971లోనే డాలరు వేలం అనే ఆటగా నిరూపించాడు. జర్మనీలో 2005లో పుట్టి దేశదేశాలకు పాకిన స్వూపో అనే సైటు దాన్నే వ్యాపారం చేసుకొని 2011లో మూతపడింది.

పూర్వపక్షము, అనగా ఎదుటివారి వాదం: చీటీపాటలోనూ పాడినవాడు నష్టపోతున్నాడు కదా, దానికి లేని దోషం దీనికి ఎందుకు? సిద్ధాంతము: 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద నడిచే చీటీలో పాడినవాడు వదులుకున్న సొమ్ము, నిర్వాహకుడి కమీషన్ పోగా, తక్కిన సభ్యులకే పంపకమవుతుంది. ఇక్కడ సభ్యులు లేరు, పంపకమూ లేదు.

మూలము 3. ఇది లాటరీ కాదు, కానుకల పండుగ మాత్రమే.

విశేషము. ఉన్నదాన్ని కాదని మరొకదాన్ని నిలబెట్టడం అపహ్నుత్యలంకారం. గ్రంథం మొత్తంలో నికరమైన కవిత్వం ఈ ఒక్కచోటే కనబడుతుంది. 2025లో కేతేపల్లి లాగే 65వ జాతీయ రహదారి మీదున్న చౌటుప్పల్‌లో కొనేవారు దొరకని ఇంటికి 500 రూపాయల కూపన్లు పెట్టి లక్కీడ్రా తీసిన ఉదంతం పత్రికలకెక్కింది. అమ్మేవాడి కష్టం నిజమైనదే కావచ్చు, ఇల్లూ నిజమైనదే కావచ్చు; కాని ప్రభుత్వ అనుమతి లేని లాటరీ తీయడానికి చోటు నడపడం భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద నేరం, దాన్ని ప్రకటించడమూ నేరమే. డబ్బు పోగుచేసి డ్రాలో కొందరికి బహుమతులు ఇచ్చే ప్రైజ్ చిట్లను 1978 నుంచి ప్రత్యేక చట్టమే నిషేధించింది. పండుగ అన్నంత మాత్రాన చట్టం కూపన్ కొని రాదు.

మూలము 4. పన్నులు, రవాణా, ఇతర ఖర్చులు విజేతయే భరించవలెను.

తాత్పర్యము. ప్రమాదాలన్నింటిలో గూఢమైనది ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజం. లాటరీలు, పజిళ్ల వంటి వాటిలో వచ్చిన బహుమతి మీద 30 శాతం ఆదాయపు పన్ను, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు ఉన్నాయి. బహుమతి వస్తురూపంలో ఉంటే పన్ను చెల్లించినట్టు తేల్చుకున్న తరువాతే ఇచ్చేవారు దాన్ని వదలాలి. ఆ లెక్కన 12 లక్షల కారుకు 3,74,400 రూపాయలు కట్టాలి. పేరున్న ఆన్‌లైన్ దుకాణం ముద్రతో పోస్టులో స్క్రాచ్ కార్డు పంపే మోసగాడు ఈ న్యాయసూత్రాన్నే అరువు తెచ్చుకొని, కారు రావాలంటే ముందు పన్ను కట్టమంటాడు. భేదం ఒక్కటే: అసలు పన్ను పాన్ నంబరు మీద సర్కారు ఖాతాలో జమ అవుతుంది, నకిలీ పన్ను ఎవరో వ్యక్తి యూపీఐకి పోతుంది. 'ఇతర' అన్న పదానికి వ్యాఖ్య అనంతం. ప్రాసెసింగు రుసుము, బీమా, నిరభ్యంతర పత్రం అని, కట్టేవాడు అలిసేదాకా అర్థాలు పుడుతూనే ఉంటాయి.

మూలము 5. విజేత పేరు, ఫోటో, ఫోను నంబరు సంస్థయు దాని భాగస్వాములును వాడుకొనవచ్చును.

టీక. భాగస్వాములు = రేపటి నుంచి ఫోన్ చేయబోయేవారు.

మూలము 6. ఈ నిబంధనలను ముందస్తు సమాచారము లేకయే మార్చు హక్కు సంస్థకు గలదు. సంస్థ నిర్ణయమే తుది.

తాత్పర్యము. రెండు సూత్రాలు సమానబలంతో ఒకచోట తలపడితే తరువాతిదే చెల్లుతుందని పాణినీయ పరిభాష. ఆ న్యాయాన తరువాత వచ్చిన ఈ సూత్రం పై అయిదింటినీ మింగి కూర్చుంది: బహుమతి మార్చవచ్చు, గడువు పొడిగించవచ్చు, గెలిచినవాణ్ణి అనర్హుడనవచ్చు. కాబట్టి ఈ గ్రంథాన్ని కింది నుంచి పైకి చదివినవాడికే సరైన అర్థం తెలుస్తుంది. అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఒకవైపే మొగ్గే ఒప్పందాన్ని అన్యాయ ఒప్పందమని నిర్వచించింది; బహుమతి పథకం తుది ఫలితాలను పాల్గొన్నవారికి తెలియనీయకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. '2 మాత్రమే మిగిలాయి' వంటి కృత్రిమ తొందరను, 2023 నవంబరు 30న వచ్చిన మార్గదర్శకాలు తాము నిషేధించిన 13 మాయదారి ఎత్తుగడల్లో ఒకటిగా పేర్కొన్నాయి.

మూలము 7. వివాదములు సంస్థ కార్యాలయము గల నగరమందలి మధ్యవర్తిచే మాత్రమే తీర్చబడును.

తాత్పర్యము. కేతేపల్లివాడు ఆ నగరానికి రాడన్న ధైర్యమే ఈ సూత్రానికి ప్రాణం. పైన చెప్పిన వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు గనుక అతడు నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ గడప తొక్కితే చాలు; చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటనంతవరకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. ఒప్పందంలో మధ్యవర్తి మాట ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ అధికారం పోదని ఎమార్ ఎంజీఎఫ్, అఫ్తాబ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఇక చిరునామాయే లేని సైటు మీద కమిషన్ నోటీసు ఎక్కడికి పంపాలన్న ఆక్షేపానికి ఈ వ్యాఖ్యలో సమాధానం లేదు. అటువంటి చోట డబ్బు ఖాతాలు దాటకముందే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి, లావాదేవీ నంబరు, తేదీ, సమయం చేతిలో ఉంచుకోవాలి.