రెండు గీతలు నీలం కాలేదంట!

ఏంరా అబ్బీ, తలకాయ కొంచెం పైకెత్తు. ఇది చదివేది కూడా ఆ ఫోనులోనే అని నాకు తెలుసులే.

మా రోజుల్లో సుగ్గికని కూలికి వలస పోయినోళ్లు పోయినట్టే. కౌతాళం పక్క పల్లెల్లో ఇళ్లకిళ్లు తాళాలేసుకొని మిరపకోతలకు గుంటూరు దిక్కు పోతే, చేరినారో లేదో తెలిసేదానికి వారం పదినాళ్లు పట్టేది. ఎవరితోనో రాయించిన కార్డుముక్క వచ్చేది. పోస్టుమేనే చదివేవాడు, వీధంతా వినేది. అందరం క్షేమం అని ఒక్క మాటుంటే ఉగాది దాకా నిమ్మళం. ఇప్పుడు మా కోడలు మొగునికి వాట్సాప్‌లో ఒక ముక్క పెడతాది, గడియ కాకముందే రెండు గీతలు నీలం కాలేదని ఇల్లంతా తిరుగుతాది. నీలమై జవాబు రాలేదంటే ఇంకా పెద్ద పంచాయితీ. ఆ నీలం గీతలు 2014లో వచ్చినాయి. సంసారాల్లో నిమ్మళం పోయింది అప్పట్నుంచే అని నా లెక్క.

ఆ కార్డుల కాలం తర్వాత ఎస్టీడీ బూత్‌లొచ్చినాయి. పత్తి అమ్మేదానికి ఆదోని యార్డుకు పోయినప్పుడు బూత్ ముందర వరసలో నిలబడి, ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు చూసుకుంటా మాట్లాడేవాళ్లం. అమ్మకు ఎట్లుంది, పత్తి రేటెంత, పిల్లకు సంబంధం కుదిరిందా, సరే పెట్టేయ్. మూడు నిమిషాల్లో సంసారమంతా అయిపోయేది. 2003 దాకా సెల్లుకు వచ్చిన ఫోనుకు కూడా దుడ్లు కట్టాల్సిందే, కాబట్టి మిస్డ్ కాల్‌తోనే కాపురాలు నడిచినాయి. ఒక రింగయితే చేరినాం, రెండయితే బస్టాండుకు రా. 2016లో జియో వచ్చి మాటకు ధర లేకుండా చేసింది. ధర లేకపోతే ఎవడు లెక్కపెడతాడు?

మా అల్లుడు బడి అయ్యవారు, ఒక సంగతి చెప్పినాడు. స్కిన్నర్ అని అమెరికా ఆయన పావురాలను డబ్బాలో పెట్టి చూసినాడంట. ఎప్పుడు పడతాదో తెలీకుండా గింజలేస్తే, గింజ పడకపోయినా అవి పొడుస్తానే ఉంటాయంట. నీ బొటనవేలు చేసేది అదే పని, అబ్బీ. జేబులో ఫోను లేకపోయినా వణికినట్టు అనిపించేవాళ్లు కూడా ఉన్నారంట, విని నవ్వినాను. మొన్న నా జేబు కూడా వణికింది, తడుముకుంటే బీడీకట్ట. ఆ సంగతి అల్లునికి చెప్పలేదు.

శ్రావణమాసం ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయి చూడు. మా నాయన కాలంలో చేతులు మొక్కేదానికి లేచేవి, ఇప్పుడు వీడియో తీసేదానికి లేస్తాయి. స్వామి ఎదురుగా నిలబడి గాజు అద్దంలో చూసుకునే దర్శనం ఏం దర్శనమో నాకర్థం కాదు. మా ఆమె ఆ వీడియోనే రోజూ పొద్దున పెట్టుకొని దండం పెడతాది, అది వేరే సంగతి.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. పక్కింటి మనవడు, అమ్మానాయనా సుగ్గికి పోయినాక, అవ్వ దగ్గరే ఉండాడు. రాత్రి ఫోన్లో అమ్మ మొగం కనపడితేనే సంగటి ముద్ద మింగుతాడు. అమ్మ అక్కడ మిరపకాయల కుప్ప చూపిస్తాది, వీడు ఇక్కడ ఊడిన పన్ను చూపిస్తాడు. మా కాలంలో ఆ వయసు పిల్లోడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవాడు. దాన్ని కూడా మంచికాలం అంటానా? అననులే.

అయినా ఆ కాల్ అయిపోయినాక, పక్కన కూర్చున్న అవ్వతో కూడా రెండు మాటలు మాట్లాడు. పోయే ముందు నా ఛార్జరు యాడ పెట్టినావో చెప్పి పో.